గుండె బాగానే ఉందన్నారు, అయినా బస్సెక్కలేకపోతున్నాను

కృష్ణా డెల్టాలోని ఒక చిన్న పట్టణం నుంచి 33 ఏళ్ల ఉపాధ్యాయురాలు ఒకరు తన పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరుతూ సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. ఆమె జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతారు. కిందటి ఏప్రిల్‌లో పదో తరగతి జవాబు పత్రాలు దిద్దే డ్యూటీ ముగించుకుని పల్లెవెలుగు బస్సులో ఇంటికి వస్తుండగా, నిలబడటానికి కూడా చోటు లేని రద్దీలో, ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ఊపిరి అందలేదు, వేళ్ల కొసలు తిమ్మిరెక్కాయి, ఒళ్లంతా చెమటలు పట్టాయి. ‘ఇక్కడే పోతాను, నా బిడ్డను మళ్లీ చూడను అనిపించింది’ అని రాశారు. తోటి ప్రయాణికులు బస్సు ఆపించి, ఆటోలో ఆసుపత్రికి చేర్చారు. ఈసీజీ తీసి బాగానే ఉందన్నారు, గ్యాస్ అయి ఉంటుందని ఇంజెక్షన్ చేసి పంపారు.

ఆ తరువాత మరో రెండుసార్లు అర్ధరాత్రి అత్యవసర విభాగానికి పరుగెత్తారు. గుండెను స్కానింగ్‌తో చూసే 2డీ ఎకో కూడా చేయించారు, లోపమేమీ లేదని తేలింది. దగ్గర్లోని డాక్టరు నరాల బలహీనత అని చెప్పి ఆల్ప్రజోలమ్ 0.25 మిల్లీగ్రాముల మాత్ర రాత్రిపూట వేసుకోమన్నారు. పదిహేను రోజులకని రాసిన ఆ మాత్రను ఆమె అయిదు నెలలుగా వాడుతున్నారు. ఈ మధ్య పొద్దున బడికి బయలుదేరే ముందు కూడా ఒకటి వేసుకోక తప్పడం లేదు. మాత్రల షీటు హ్యాండ్‌బ్యాగులో లేదని దారిలో గుర్తొస్తే చాలు, చేతులు వణుకుతున్నాయట. మధ్యలో సహోద్యోగి సలహాపై ఒక మానసిక వైద్యుడిని కలిశారు. ఆయన ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు రాశారు. నాలుగు రోజులు వేసుకునేసరికి వికారం, నిద్రలేమి, మునుపటికంటే ఎక్కువ దడ వచ్చాయి, దాంతో మానేశారు. ‘పిచ్చి మందులు మొదలుపెడితే చచ్చేదాకా మింగాల్సిందే’ అని అత్తగారు అన్న మాట మనసులో పడిపోయింది. ఎవరో చెప్పగా వీడియో చూస్తూ కపాలభాతి చేయబోతే, బస్సులో వచ్చిన తిమ్మిర్లే మళ్లీ వచ్చి భయపడి ఆపేశారు.

ఇప్పుడు ఆమె బస్సెక్కడం మానేశారు. భర్త రోజూ 22 కిలోమీటర్లు బండి మీద బడికి దింపి, సాయంత్రం తీసుకువస్తున్నారు. పెళ్లిళ్లకు వెళ్లడం తగ్గింది, వెళ్లినా గుమ్మం పక్క కుర్చీలోనే కూర్చుంటున్నారు. ఒకే బడిలో ఎనిమిదేళ్లు నిండుతున్నందువల్ల వచ్చే వేసవి బదిలీల్లో కదలక తప్పదు, కొత్త బడికి బస్సు తప్ప దిక్కుండకపోవచ్చు. ఆరేళ్ల పాప ఉంది, రెండో బిడ్డ కావాలన్న కోరిక కూడా ఉంది. ‘మందులా, కౌన్సెలింగా? మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలా? గర్భం వస్తే ఏం కావాలి? ఇవన్నీ వద్దనుకుని దీర్ఘకాలిక సెలవు పెట్టి ఇంట్లో ఉంటే తగ్గిపోతుందా?’ అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం:

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘అందరూ నీకేమీ లేదంటున్నారు, అంటే నేను నటిస్తున్నానా?’ అని అడిగారు. మీరు నటించడం లేదు. గుండెలో లోపం లేదన్నది నిజం, మీకు బాధ ఉన్నదన్నది కూడా నిజం. ఈసీజీ బాగున్నంత మాత్రాన ఏమీ లేదని చెప్పి పంపేయడం వల్లనే, మీలాంటివారు ఎంతోమంది సరైన గది తలుపు తట్టడానికి నెలలూ ఏళ్లూ తిరుగుతుంటారు. మీరు వర్ణించినది ప్యానిక్ అటాక్, అంటే ఉన్నట్టుండి విరుచుకుపడే తీవ్రమైన భయం, దాని లక్షణాలకు అక్షరాలా సరిపోతోంది. అవి మళ్లీ మళ్లీ వస్తూ, ఎప్పుడొస్తుందోనన్న భయం నెలకు పైగా వెంటాడుతూ, దానికోసం మనిషి తన తిరుగుళ్లు మార్చుకుంటే దానిని ప్యానిక్ డిజార్డర్ అంటారు. ఇది చికిత్సకు బాగా లొంగే జబ్బు. మిమ్మల్ని పరీక్షించి నిర్ధారించవలసింది మీ వైద్యులే, నేను ఉత్తరం చదివి చెబుతున్నానని గుర్తుంచుకోండి.

నిర్ధారణకు ముందు ఒక చిన్న పని మిగిలి ఉంది. మీ పరీక్షల జాబితాలో థైరాయిడ్, హిమోగ్లోబిన్ కనిపించలేదు. థైరాయిడ్ హార్మోను ఎక్కువైనా, రక్తహీనత ముదిరినా గుండెదడ, వణుకు, ఆయాసం రావచ్చు. మన ప్రాంతపు స్త్రీలలో రక్తహీనత అరుదైన సంగతి కాదు కదా. ఈ రెండూ ఒకసారి చేయించండి. దడ స్విచ్చి వేసినట్టు క్షణంలో మొదలై క్షణంలో ఆగిపోతున్నా, శ్రమ పడినప్పుడే ఛాతీ నొప్పి వస్తున్నా, నిజంగా స్పృహ తప్పినా, ఆ సంగతి గుండె డాక్టరుకు విడిగా చెప్పాలి. అప్పుడు ఒక రోజంతా గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరీక్ష అవసరం కావచ్చు. ఇవి బాగున్నాయని తేలాక పరీక్షలు అక్కడితో ఆపేయండి. నాలుగో ఈసీజీ మీకు నాలుగు రోజుల ధైర్యం ఇస్తుంది, అయిదో రోజున అయిదో ఈసీజీ కావాలనిపిస్తుంది.

ఆ రోజు బస్సులో ఏం జరిగిందో శరీరం వైపు నుంచి చెబుతాను. ఎండ, ఉక్కపోత, రోజంతా పేపర్లు దిద్దిన అలసట, బహుశా ఖాళీ కడుపు. ఇవన్నీ కలిసి గుండె కొంచెం వేగంగా కొట్టుకుని ఉంటుంది. ‘ఇదేమిటి, గుండెపోటా?’ అన్న ఆలోచన వచ్చిన మరుక్షణం ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోను విడుదలైంది. దాంతో దడ ఇంకా పెరిగింది, అది చూసి భయం ఇంకా పెరిగింది. ఊపిరి అందడం లేదనుకుని మీరు గబగబా పీల్చారు. నిజానికి అప్పుడు జరిగేది ఊపిరి తక్కువ కావడం కాదు, ఎక్కువ కావడం. వేగంగా శ్వాసించినప్పుడు రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. దానివల్లనే వేళ్లకు, పెదవులకు తిమ్మిర్లు, తల తేలిపోతున్నట్టుండటం, చుట్టూ ఉన్న లోకం నిజం కాదేమో అనిపించడం. ఈ ఉద్ధృతి సాధారణంగా పది నిమిషాల లోపే శిఖరానికి చేరి, తరువాత తనంతట తానే దిగిపోతుంది. పడిపోతానేమోనని భయపడ్డారు గాని, అటాక్ సమయంలో రక్తపోటు పడిపోకుండా పెరుగుతుంది కాబట్టి స్పృహ తప్పడం చాలా అరుదు. లోపలి మార్పులను మనిషి ఇలా ప్రమాదంగా చదువుకోవడమే అటాక్‌కు ఇంధనమని 1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త వివరించారు. ఇప్పటి మానసిక చికిత్సలకు చాలావరకు ఆ వివరణే పునాది.

ఇంతవరకు జరిగినది ఒక దుర్ఘటన మాత్రమే. అది జబ్బుగా మారింది ఆ తరువాతి రోజుల్లో. బస్సు దిగగానే దడ తగ్గింది కనుక ‘దిగాను గనుక బతికాను’ అని మీ మెదడు నేర్చుకుంది. దిగకపోయినా తగ్గేదే, కాని ఆ సంగతి తెలుసుకునే అవకాశం దానికి రాలేదు. ఆ తరువాత భర్త బండి, గుమ్మం పక్క కుర్చీ, సంచిలో మాత్రల షీటు అన్నీ అదే పాఠాన్ని రోజూ తిరిగి చెబుతున్నాయి. మీ ముందున్న దారుల్లో ఏది ఎంచుకున్నా, అది మిమ్మల్ని బస్సులో ఉండనిచ్చే దారా, బస్సు నుంచి తప్పించే దారా అన్న ఒక్క ప్రశ్నతో తూచి చూడమని నా విన్నపం.

ముందుగా ఇప్పటికే మీ చేతిలో ఉన్న ఆల్ప్రజోలమ్ సంగతి. దానిని రాసిన డాక్టరును తప్పుపట్టను, ఆ రాత్రి మీకు నిద్ర అవసరమే. అయితే ఇది చేబదులు లాంటిది. అడిగిన వెంటనే చేతికందుతుంది, వడ్డీ తరువాత తెలుస్తుంది. అరగంట, గంటలో భయాన్ని దించుతుంది, కొన్ని గంటలకే దాని ప్రభావం తగ్గిపోతుంది. అలా దిగిపోతున్న వేళ వచ్చే అలజడి అచ్చంగా మీ జబ్బు లాగే ఉంటుంది కనుక, మనిషి అది జబ్బే అనుకుని మరో మాత్ర వేసుకుంటాడు. పొద్దున్నే మీకు రెండో మాత్ర అవసరం కావడం వెనక ఇదే ఉండవచ్చు. నెలల తరబడి వాడితే శరీరం దానికి అలవాటు పడుతుంది, జ్ఞాపకశక్తి, చురుకుదనం మందగిస్తాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో బెంజోడయాజిపైన్లు అనే ఈ కుటుంబపు మందులన్నింటిపైనా వాటికి అలవాటు పడే ప్రమాదం గురించి తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను ముద్రించమని ఆదేశించింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ అయితే ప్యానిక్ డిజార్డర్ చికిత్సకు వీటిని రాయవద్దనే చెబుతోంది. మన దేశంలోనూ ఇది షెడ్యూల్ హెచ్1 మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన వివరం షాపువారు రిజిస్టరులో రాయాలి. పాత చీటీ చూపించి మీరు నెలనెలా కొనగలుగుతున్నారంటే, ఆ షాపువారు మీకు మేలు చేస్తున్నారని అనుకోకండి.

ఇది చదివి ఈ రాత్రే మాత్ర మానేయకండి. ఈ మాట నొక్కి చెబుతున్నాను. నెలల తరబడి వాడిన ఆల్ప్రజోలమ్‌ను ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోవడం, భయం రెట్టింపు కావడమే కాక, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. మానసిక వైద్యుడి పర్యవేక్షణలో, వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి. కొందరికి ముందుగా ఎక్కువసేపు పనిచేసే మరో మందుకు మార్చి, ఆ తరువాత తగ్గిస్తారు. మీ మోతాదు చిన్నదే కనుక ఇది కొండను మోయడమంత పని కాదు. ఈలోగా దీనితోపాటు మద్యం గాని, దగ్గుకు, నొప్పికి వాడే కొన్ని మత్తు మందులు గాని తీసుకుంటే శ్వాస మందగించే ప్రమాదం ఉంది. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ఈ మాత్ర సంగతి చెప్పండి.

ఇక నాలుగు రోజులకే వదిలేసిన ఎస్సిటలోప్రామ్. మీ అత్తగారు పిచ్చి మందు అన్నది దీనినే కాబోలు. ఇది మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ అనే కుటుంబానికి చెందినది. సెర్ట్రలిన్, ఫ్లూఓక్సెటిన్, పారోక్సెటిన్ కూడా ఇందులోవే. ప్యానిక్ డిజార్డర్‌కు మందు రాయదలచినప్పుడు వైద్యులు మొదట చూసేది వీటివైపే. మీకు నాలుగు రోజుల్లో ఎదురైనది ఈ మందుల గురించి బాగా తెలిసిన సంగతి. మొదటి ఒకటి రెండు వారాల్లో కొందరికి వికారం, నిద్ర చెదరడం, అలజడి పెరగడం ఉంటాయి. ముఖ్యంగా ప్యానిక్ ఉన్నవారు ఈ తొలి కుదుపును మరింత గట్టిగా అనుభవిస్తారు, ఎందుకంటే వారు తమ గుండె చప్పుడును రోజంతా వింటూనే ఉంటారు. అందుకే చాలామంది వైద్యులు 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తరువాత 10కి పెంచుతారు. మీకు మొదటి రోజే 10 ఇచ్చారు, ముందుగా ఈ మాట చెప్పినట్టు కూడా మీ ఉత్తరంలో లేదు. రద్దీ ఓపీలో అది చెప్పే తీరిక ఉండదని నాకు తెలుసు, కాని ఆ రెండు నిమిషాల మాట చెప్పి ఉంటే మీరు బహుశా మానేసేవారు కాదు. మళ్లీ వెళ్లినప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి: ‘నాలుగో రోజుకు దడ ఎక్కువైంది, భయపడి మానేశాను. చిన్న మోతాదుతో మొదలుపెట్టవచ్చా?’

ఆ దారిలో వెళితే ఏమవుతుంది? రెండు నుంచి నాలుగు వారాల్లో అటాక్‌లు పలచబడటం మొదలవుతుంది, పూర్తి ఫలితం తెలియడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. తగ్గిన తరువాత కూడా కనీసం ఆరు నెలలు, తరచుగా ఏడాది వరకు కొనసాగించి, ఆపైన నెమ్మదిగా తగ్గిస్తారు. అంటే అత్తగారు భయపడినట్టు చచ్చేదాకా కాదు. మళ్లీ మళ్లీ తిరగబెట్టేవారికి మాత్రం ఎక్కువ కాలం అవసరం కావచ్చు. ఇది ఆల్ప్రజోలమ్‌లా మోతాదు పెంచుకుంటూ పోవాలన్న కోరికను కలిగించదు. అయితే హఠాత్తుగా ఆపితే తల తిరగడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం వంటివి కొన్నాళ్లు ఇబ్బంది పెడతాయి, కనుక దీనిని కూడా సొంతంగా ఆపకూడదు. దాంపత్య సుఖంలో ఆసక్తి తగ్గడం ఈ మందుల వల్ల చాలామందికి వస్తుంది. మన ఆడవాళ్లు డాక్టరుకు చెప్పుకోలేక ఊరుకునే సంగతి అదే. చెప్పండి, మోతాదో మందో మార్చే వీలుంటుంది. మరొకటి, మీకు గాని రక్తసంబంధీకులకు గాని ఎప్పుడైనా నిద్ర లేకుండానే రోజుల తరబడి అమితమైన ఉత్సాహం, విపరీతమైన ఖర్చు, ఆపలేనంత మాట వచ్చి ఉంటే ముందే చెప్పాలి. అలాంటివారికి ఈ మందును వేరే రక్షణతో ఇస్తారు.

మీరు కౌన్సెలింగ్ అని రాసినదాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ పేరుతో ఇచ్చే సేవలన్నీ ఒకటి కావు. ‘ధైర్యంగా ఉండమ్మా, పాజిటివ్‌గా ఆలోచించు’ అని చెప్పి పంపడం చికిత్స కాదు. ప్యానిక్‌కు పనిచేస్తుందని గట్టిగా నిరూపణ అయినది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, పొట్టిగా సీబీటీ. వారానికొక గంట చొప్పున సుమారు పది పన్నెండు వారాలు సాగుతుంది. అందులో ఏం చేస్తారో తెలియకనే చాలామంది దానిని వట్టి మాటలనుకుంటారు.

మొదట మీ చివరి అటాక్‌ను నిమిషం నిమిషం కాగితం మీద పెట్టిస్తారు: ముందు ఏం అనిపించింది, ఏం అనుకున్నారు, ఏం చేశారు. తరువాత అసలు పని మొదలవుతుంది. సైకాలజిస్టు ఎదుట కుర్చీలో కూర్చుని ఒక నిమిషం పాటు నోటితో గబగబా ఊపిరి తీయమంటారు. అరనిమిషానికే తల తేలిపోతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, గుండె పరుగెడుతుంది. ‘బస్సులో వచ్చినదానికి ఇది ఎంత దగ్గరగా ఉంది, పదికి ఎంత?’ అని అడుగుతారు. ఎనిమిది అంటారేమో మీరు. అప్పుడు నీళ్లు తాగకుండా, నాడి పట్టి చూసుకోకుండా, లేచి వెళ్లకుండా ఊరికే కూర్చోమంటారు. కొద్ది నిమిషాల్లో అది దిగిపోతుంది. మళ్లీ చేస్తారు, మళ్లీ దిగిపోతుంది. సన్నని స్ట్రాతో శ్వాసించడం, మెట్లు పరుగున ఎక్కడం, కుర్చీలో గిర్రున తిరగడం కూడా ఇలాంటివే. మీరు కపాలభాతి చేస్తుంటే తిమ్మిర్లు వచ్చాయన్నది ఇక్కడ నాకు విలువైన సమాచారంగా కనిపించింది. అంత వేగంగా శ్వాసిస్తే ఎవరికైనా ఆ తిమ్మిర్లు రావచ్చు. గుండె జబ్బు లేకుండా, బస్సు లేకుండా, మీ ఇంటి చాప మీదనే అవి వచ్చి పోయాయంటే, అవి మృత్యువు సంకేతాలు కావని మీరే ఒకసారి రుజువు చేసుకున్నారన్న మాట. అయితే ఈ అభ్యాసాలను వీడియోలు చూసి సొంతంగా చేయకండి. ఉబ్బసం, మూర్ఛ, గుండె జబ్బు, గర్భం ఉన్నప్పుడు వీటిలో కొన్ని పనికిరావు, ఏవి చేయవచ్చో నిర్ణయించేది శిక్షణ పొందినవారే. నెమ్మదిగా చేసే ప్రాణాయామం రోజువారీ ఒత్తిడికి మంచిదే, కాని అటాక్‌ను ఆపే ఆయుధంగా దానిని పట్టుకుంటే అదీ మరో మాత్రల షీటు అయిపోతుంది.

తరువాత బస్సు. ఒక్కసారిగా రద్దీ బస్సులోకి తోసేయరు. మధ్యాహ్నం ఖాళీగా ఉండే బస్సులో రెండు స్టాపులు, మీవారు వెనకే బండి మీద వస్తారు. అది రెండు మూడుసార్లు అయ్యాక ఆయన రారు. తరువాత కిటికీ పక్క కాని సీటు, తరువాత సాయంత్రం రద్దీలో నిలబడి, చివరకు సంచిలో మాత్ర లేకుండా. ప్రతిసారీ భయం వస్తుంది, రావాలి కూడా. భయం రాకుండా ప్రయాణం చేయడం ఇక్కడ లక్ష్యం కాదు. భయం వచ్చినా దిగకుండా ఉండి, అనుకున్న విపత్తు రాలేదని చూడటమే లక్ష్యం.

ఈ దారికి ఉన్న ఇబ్బందులనూ దాచను. మొదటి కొన్ని వారాలు కష్టంగా ఉంటాయి, హోంవర్కు చేయకపోతే ఫలితం ఉండదు. లెక్కల మేడమ్‌కు ఇది వేరే చెప్పనక్కర్లేదు. చిన్న పట్టణాల్లో సీబీటీ తెలిసిన క్లినికల్ సైకాలజిస్టులు తక్కువ, ప్రైవేటులో ప్రతి వారం ఫీజు భారమే. వీడియో ద్వారా కూడా ఈ చికిత్స చేయవచ్చు. ఎవరి దగ్గరకు వెళ్లినా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదైన క్లినికల్ సైకాలజిస్టేనా, ప్యానిక్‌కు సీబీటీ చేసిన అనుభవం ఉందా అని అడగడానికి మొహమాటపడకండి. మూడు రోజుల్లో హిప్నాటిజంతో శాశ్వతంగా నయం చేస్తామనే ప్రకటనల జోలికి వెళ్లకండి.

రెండింటిలో ఏది మంచిదని సూటిగా అడిగారు. అటాక్‌లను తగ్గించడంలో రెండూ పనిచేస్తాయి. 2000లో అమెరికాలో డేవిడ్ బార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 312 మంది ప్యానిక్ రోగులపై చేసిన ప్రసిద్ధ అధ్యయనంలో, చికిత్స ఆపిన ఆరు నెలల తరువాత చూస్తే ఇమిప్రమిన్ అనే పాత మందు వాడినవారికంటే సీబీటీ ఒక్కటే పొందినవారు ఎక్కువగా నిలదొక్కుకున్నారు. మందు ఆగితే దాని రక్షణ ఆగుతుంది, నేర్చుకున్నది మాత్రం నిలుస్తుంది అనుకోవచ్చు. అయితే నిద్ర పూర్తిగా చెడి, దిగులు కమ్మి, బడికి కూడా వెళ్లలేని స్థితిలో ఉన్నవారికి ముందు మందుతో కాస్త నిలకడ వస్తేనే అభ్యాసాలు చేసే ఓపిక వస్తుంది. మీరు ఇంకా రోజూ బడికి వెళుతున్నారు, పిల్లలకు పాఠం చెబుతున్నారు. వేసవి బదిలీలకు ఇంకా నెలలు చేతిలో ఉన్నాయి. అందువల్ల, సీబీటీ చేసేవారు దొరికే వీలుంటే దానినే ముందు పెట్టి, దానితోపాటే ఆల్ప్రజోలమ్ తగ్గించుకోవడం మీ పరిస్థితికి ఎక్కువగా నప్పుతుందని నా అభిప్రాయం. దొరకకపోతే, లేదా ఆరేడు వారాలకు ఏ మార్పూ లేకపోతే, చిన్న మోతాదు ఎస్‌ఎస్‌ఆర్‌ఐని చేర్చడానికి వెనకాడనక్కర్లేదు. మందు మొదలుపెడితే ఓడిపోయినట్టు కాదు. మందు వేసుకుంటూనే బస్సెక్కండి, బస్సు మానేసి మందు మాత్రమే వేసుకుంటే సగం పనే జరుగుతుంది.

రెండో బిడ్డ విషయం ఈ లెక్కను కొంత మారుస్తుంది. వచ్చే కొద్ది నెలల్లోనే గర్భం కోరుకుంటున్నారా, ఏడాది రెండేళ్లు ఆగగలరా అన్నది మీరిద్దరూ ముందుగా మాట్లాడుకోండి. త్వరలోనే అయితే సీబీటీ వైపు తూకం ఇంకా మొగ్గుతుంది, ఆల్ప్రజోలమ్‌ను గర్భానికి ముందే దించుకోవడం మంచిది. మందు అవసరమైతే ముందే ఆ మాట మానసిక వైద్యుడికి చెప్పండి. సాధారణంగా అలాంటివారికి పారోక్సెటిన్‌ను తప్పిస్తారు, గర్భంలోనూ పాలిచ్చే కాలంలోనూ ఎక్కువ అనుభవం ఉన్న సెర్ట్రలిన్ వంటివాటిని ఆలోచిస్తారు. మందు వాడుతుండగా గర్భం నిలిస్తే కంగారుపడి ఆ పూటే ఆపేయకండి, గైనకాలజిస్టునూ మానసిక వైద్యుడినీ కలిసి నిర్ణయించుకోండి. చికిత్స లేని తీవ్రమైన ఆందోళన కూడా తల్లికీ బిడ్డకూ మంచిది కాదు.

సెలవు సంగతికి వస్తాను. ఇంట్లో ఉంటే మొదటి వారం నిజంగానే హాయిగా ఉంటుంది, నన్ను భయపెట్టేది అదే. ఆ హాయిని చూసి రెండో వారం కూరగాయల బజారుకు వెళ్లడం కష్టమనిపిస్తుంది, నెల తిరిగేసరికి ఒంటరిగా ఇంట్లో ఉండటం కూడా భయమనిపించవచ్చు. జీతనష్టం, బడి పిల్లలతో తెగిన సంబంధం సరే సరి. పూర్తిగా సెలవు వద్దని అనడం లేదు. మందు మొదలుపెట్టే తొలి వారం కోసమో, సైకాలజిస్టు దగ్గరకు వెళ్లే రోజుల కోసమో తేదీలు వేసుకుని తీసుకునే కొద్దిపాటి సెలవు వేరు, ముగింపు తెలియని సెలవు వేరు. ఏమీ చేయకుండా చూద్దామనుకోవడం కూడా ఒక దారే. కొందరికి అటాక్‌లు కొన్నాళ్లు వాటంతటవే ఆగుతాయి కూడా. కాని బస్సు మానేసే దాకా వచ్చిన జబ్బు అలా పూర్తిగా వదలడం అరుదు.

మీవారి గురించి రాస్తూ ‘దేవుడు’ అన్నారు. రెండు పూటలా రానూపోనూ కలిపి రోజూ ఎనభై ఎనిమిది కిలోమీటర్లు తిరుగుతున్న ఆయన ప్రేమను నేనూ గౌరవిస్తున్నాను. అయినా ఆయన బండి ఇప్పుడు జబ్బుకు కూడా సాయం చేస్తోంది. రేపటి నుంచి దింపనని ఆయన భీష్మించుకోవడం సరికాదు, చికిత్స చేసేవారి సమక్షంలో ముగ్గురూ కూర్చుని ఏ వారం ఎంత తగ్గించాలో అనుకోవాలి. అటాక్ వచ్చినప్పుడు ఆయన ఆసుపత్రికి పరుగెత్తించనక్కర్లేదు, ఏమీ లేదులే అని కొట్టిపారేయనూ వద్దు. ‘వచ్చింది, పోతుంది, నేనున్నాను’ అని పక్కన కూర్చుంటే చాలు. ఇక అత్తగారు. ఆమె కట్టించిన తాయెత్తునూ మొక్కిన మొక్కునూ కాదనకండి. ‘మొక్కు తీర్చుకుందాం అత్తయ్యా, డాక్టరు దగ్గరకూ వెళదాం’ అంటే ఆమెకూ కాదనడానికి కారణం ఉండదు. కుదిరితే ఒకసారి ఆమెను కూడా డాక్టరు గదిలోకి తీసుకువెళ్లండి. మన ఇళ్లలో కోడలు చెప్పిన మాటకంటే డాక్టరు చెప్పిన మాట చెవికెక్కుతుంది.

ఉద్యోగానికి మచ్చ వస్తుందేమోనని కూడా మీరు జంకుతున్నారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు మీకు ఇచ్చింది. చట్టం పేర్కొన్న కొన్ని సందర్భాల్లో తప్ప, మీ అనుమతి లేకుండా డాక్టరు వాటిని మీ హెడ్‌మాస్టరుకు చెప్పకూడదు. మీకు దగ్గరలో గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోలేకపోతే 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, రాత్రీ పగలూ ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. బతకడం దండగ అన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే, అపాయింటుమెంటు కోసం ఎదురుచూడకుండా అదే నంబరుకు వెంటనే చేయండి, మీవారికీ చెప్పండి.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక తెల్లకాగితం తీసుకువెళ్లండి. మొదటి అటాక్ తేదీ, ఈ నెలలో ఎన్నిసార్లు వచ్చింది, ఆల్ప్రజోలమ్ రోజుకు ఎన్ని, ఏ వేళకు, ఎన్నాళ్ల నుంచి, ఎస్సిటలోప్రామ్ నాలుగు రోజుల అనుభవం, చేయించిన పరీక్షలు, ఇంకా కాఫీ, టీలు రోజుకు ఎన్ని కప్పులు అన్నది కూడా రాయండి. కెఫీన్ ఎక్కువైతే దడ పెరుగుతుంది. దాని కింద, రెండో బిడ్డ కావాలనుకుంటున్నామని, మందు రాసే ముందు దాని తొలి వారాల ప్రభావాలు చెప్పమని, సీబీటీ చేసేవారి వద్దకు పంపగలరా అని మూడు వాక్యాలు రాసుకోండి. గదిలోకి వెళ్లాక నోట మాట రాకపోతే ఆ కాగితం ఆయన చేతికి ఇచ్చేయండి.